ప్రసవంలో బిడ్డకి దెబ్బ తగిలిందా? లాయరు కోసం తిరిగే ముందు నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళు అడిగే ప్రశ్నలు

నేను లాయరుని కాదు, డాక్టరునీ కాదు. మా అక్క కొడుకు కేసు పట్టుకుని వినియోగదారుల కమిషన్ (డబ్బు కట్టి తీసుకున్న సేవలో లోపం ఉంటే పరిహారం ఇప్పించే కోర్టు లాంటిది) చుట్టూ తిరిగినదాన్ని. ఇప్పుడు ఫిజియోథెరపీ గది బయట పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చునే తల్లులతో మాట్లాడుతుంటాను. అందరూ దాదాపు ఇవే అడుగుతారు, చాలామంది ఆలస్యంగా అడుగుతారు. అందుకే తెలిసినంత వరకు ఒకచోట రాసి పెడుతున్నా. మొత్తం చదివే ఓపిక లేకపోతే ఒక్క మాట గుర్తుపెట్టుకోండి: "గెలిపిస్తాను" అనే లాయరు దగ్గర ఆగిపోవద్దు, "కేసు షీటు ఏదమ్మా?" అని ముందు అడిగే లాయరుని పట్టుకోండి.

పుట్టగానే ఏడవలేదు, బాక్సులో పెట్టారు. ఇప్పుడు ఎనిమిదో నెల, మెడ నిలవడం లేదు. ఇది డాక్టరు తప్పేనా?

కావచ్చు, కాకపోవచ్చు. ఈ మాట వినడానికి కష్టంగానే ఉంటుంది, కానీ ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు లేకపోవడం) వచ్చిన పిల్లల్లో చాలామందికి కారణం కాన్పు గదిలో ఉండదు. నెలలు నిండకుండా పుట్టడం, కడుపులో ఉన్నప్పుడే ఇన్ఫెక్షన్ సోకడం, మెదడు ఎదుగుదలలో లోపం, జన్యు సమస్య, ఇలా ఏదైనా ఉండొచ్చు. కాన్పు సమయంలో ఆక్సిజన్ అందక దెబ్బతిన్న పిల్లలు అందులో ఒక భాగం మాత్రమే.

అయితే కొన్ని సంగతులు జరిగి ఉంటే గట్టిగానే ప్రశ్నించాలి. నొప్పుల సెలైన్ ఎక్కించి బిడ్డ గుండె శబ్దం చూడకుండా గంటలు వదిలేయడం. ఉమ్మనీరు పచ్చగా పోతోందని చెప్పినా పట్టించుకోకపోవడం. సిజేరియన్ చెయ్యాలని రాసి, మత్తు డాక్టరు రాలేదని తెల్లారేదాకా ఆపడం. బిడ్డ తలకి కప్పులా అంటించి లాగే వాక్యూమ్ పదే పదే పెట్టి లాగడం. తల బయటికొచ్చి భుజం ఇరుక్కున్నప్పుడు మెడ పట్టి గుంజడం. దీనివల్ల చెయ్యి లేవని పిల్లల్ని నేను చాలామందిని చూశాను, ఎర్బ్స్ పాల్సీ అంటారు. పుట్టాక జరిగేవి కూడా ఇందులోకే వస్తాయి: పచ్చకామెర్లు బాగా ఎక్కువైనా లైటు కింద పెట్టకుండా పంపేయడం, నెల తక్కువ పిల్లలకి కంటి పరీక్ష చేయించమని చెప్పకపోవడం.

చట్టం అడిగేది ఒకటే, ఆ పరిస్థితిలో సాధారణ నైపుణ్యం ఉన్న డాక్టరు చెయ్యాల్సింది ఈయన చేశాడా లేదా అని. ఫలితం బాగాలేనంత మాత్రాన నిర్లక్ష్యం అనరు. 2005లో జేకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు ఈ కొలతనే ఖాయం చేసింది.

సరే, రేపే లాయరు దగ్గరికి వెళ్ళాలా?

ముందు బిడ్డని చూపించండి. కేసు ఒక నెల ఆగినా ఫరవాలేదు, వైద్యం ఆగకూడదు. చెయ్యి లేవని పాపాయికి మూడు నెలలు దాటినా మోచెయ్యి మడవడం రాకపోతే నరాల సర్జన్ చూడాలి, ఆపరేషన్ అవసరమైతే మొదటి ఏడాదిలోనే చేస్తారు, "పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది లే" అని కూర్చుంటే ఆ అవకాశం పోతుంది. మెడ నిలవని పిల్లలకి ఎక్సర్‌సైజులు ఎంత తొందరగా మొదలుపెడితే అంత మేలు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీలు (పిల్లల ఎదుగుదల లోపాల్ని తొందరగా గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు) పెట్టారు, ప్రభుత్వ పెద్దాసుపత్రిలో ఆ పేరు చెప్పి అడగండి, అక్కడ డబ్బు కట్టక్కర్లేదు.

ఇలా చూపించడం కేసుకి కూడా పనికొస్తుంది. వైద్యం చేయించిన ప్రతి కాగితం మీద తారీఖు ఉంటుంది, రేపు "మీరే నిర్లక్ష్యం చేశారు" అని అవతలి వాళ్ళు అనలేరు.

రెండో పని, కేసు షీటు తీసుకోవడం. మన వాళ్ళు ఎక్కువమంది డిశ్చార్జి సమ్మరీ తెచ్చి ఇదే కేసు షీటు అనుకుంటారు. సమ్మరీ ఒకటో రెండో పేజీలు, ఆసుపత్రి తనకు కావలసినట్టు రాసుకున్నది. కేసు షీటు అంటే లోపల జరిగినదంతా: అడ్మిషన్ కాగితం, డాక్టర్ నోట్స్, నర్సులు గంటగంటకీ రాసిన చార్టు, నొప్పులు ఎలా సాగాయో గీత గీసే పార్టోగ్రామ్, మందుల చార్టు, మీతో సంతకం పెట్టించుకున్న అంగీకార పత్రం, ఆపరేషన్ నోట్స్, బిడ్డ ఊపిరి, గుండె, కదలిక చూసి పుట్టిన నిమిషానికీ ఐదు నిమిషాలకీ వేసిన ఆప్గార్ మార్కులు, బిడ్డకి విడిగా తీసిన షీటు. పొట్ట మీద బెల్టు కట్టి బిడ్డ గుండె శబ్దం గీతగా తీసే సీటీజీ కాగితం కూడా అడగండి, చాలాచోట్ల అది సన్నటి ప్రింటు కాగితం, కొన్నాళ్ళకి అక్షరాలు వెలిసిపోతాయి, చేతికి రాగానే జిరాక్సు తీయించి ఫోన్లో ఫోటో కూడా తీసుకోండి.

మీ దగ్గరున్నవి కూడా పోగు చెయ్యండి. మాతాశిశు కార్డు, స్కానింగులు, బిల్లులు, ఫోన్‌పే చేసిన స్క్రీన్‌షాట్లు. కందుకూరు నుంచో కనిగిరి నుంచో ఒంగోలుకి, కావలి నుంచి నెల్లూరుకి రెఫర్ చేసి ఉంటే ఆ చీటీ మీద రాసిన టైము చాలా ముఖ్యం. ఆక్సిజన్ అందక పుట్టిన పిల్లలకి ఒళ్ళు చల్లబరిచే చికిత్స ఒకటుంది, దాన్ని పుట్టిన ఆరు గంటల్లోపు మొదలుపెట్టాలి. ఎప్పుడు పంపారు, ఎప్పుడు చేరారు అన్న లెక్క మొత్తం కేసుని తిప్పేయొచ్చు.

ఇంకొకటి, ఇవాళే చెయ్యండి. ఆ రాత్రి ఏం జరిగిందో ఒక నోట్‌బుక్కులో రాయండి, తల్లి చెప్పింది వేరుగా, పక్కనున్న అమ్మమ్మో అత్తగారో చెప్పింది వేరుగా. ఎవరు ఏమన్నారు, ఏ టైముకి డాక్టరు వచ్చింది, ఎవరెవరికి ఫోన్ చేశారు. ఫోన్లో కాల్ లిస్టు ఉంటుంది కదా, అది చూసి టైములు వెయ్యండి. ఏడాది గడిస్తే ఇవేవీ గుర్తుండవు.

ఆసుపత్రి వాళ్ళు కేసు షీటు ఇవ్వం అంటున్నారు, "కోర్టు నుంచి తెచ్చుకోండి" అంటున్నారు. ఏం చెయ్యాలి?

ఇవ్వాలి. మెడికల్ కౌన్సిల్ 2002 నిబంధనల ప్రకారం రోగిగానీ, రోగి తరఫు వాళ్ళుగానీ అడిగితే డాక్టరు 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్ళు దాచిపెట్టాలి కూడా. కౌంటర్ దగ్గర నోటితో అడిగి గొడవ పడితే ఉపయోగం లేదు. తల్లి సంతకంతో ఒక తెల్లకాగితం మీద పేరు, ఐపీ నంబరు (ఆసుపత్రిలో చేర్చుకున్నప్పుడు ఇచ్చిన నంబరు), చేరిన తేదీ, డిశ్చార్జి తేదీ రాసి "తల్లీ బిడ్డల పూర్తి కేసు షీటు నకళ్ళు ఇవ్వగలరు, అయ్యే ఖర్చు చెల్లిస్తాను" అని స్పీడ్ పోస్టులో (పాత రిజిస్టర్డ్ పోస్టు 2025లో ఇందులో కలిసిపోయింది), అందినట్టు అక్నాలెడ్జ్‌మెంటుతో పంపండి. ఆ అక్నాలెడ్జ్‌మెంటు వస్తే జాగ్రత్తగా దాచండి. అప్పటికీ ఇవ్వకపోతే డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో ఫిర్యాదు పెట్టండి, ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ చట్టం కింద వాళ్ళ మీద అజమాయిషీ ఆ ఆఫీసుకే ఉంది. రికార్డు ఇవ్వకపోవడమే సేవాలోపం అని కమిషన్లు తీర్పులిచ్చిన సందర్భాలు ఉన్నాయి, కాబట్టి వాళ్ళు మొండికేస్తే నష్టం వాళ్ళకే.

ప్రభుత్వ ఆసుపత్రి అయితే ఇదే ఉత్తరంతో పాటు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు కూడా వెయ్యండి. 30 రోజుల్లో జవాబు చెప్పాలి.

ఒక జాగ్రత్త. కేసు వేస్తామని బెదిరించి ఆ తర్వాత కేసు షీటు అడగొద్దు. ముందు కాగితాలు చేతికి తీసుకోండి. "పిల్లోడిని చెన్నైలో చూపిస్తున్నాం, అక్కడి డాక్టరు అడుగుతున్నారు" అని అడిగితే చాలు, నిజంగా అవసరం కూడా అదే కదా.

ఎంతలోపు కేసు వెయ్యాలి?

వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ళు. 2019 చట్టం 69వ సెక్షన్. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించొచ్చు, కానీ ఆ ధైర్యంతో కూర్చోవద్దు. మైనర్ల విషయంలో సివిల్ చట్టంలో గడువుకి వెసులుబాటు ఉందని ఎవరో ఒకరు చెప్తారు, అది పట్టుకుని "పిల్లవాడికి 18 ఏళ్ళు వచ్చాక చూద్దాం" అనుకున్నవాళ్ళు ఆసుపత్రి రికార్డులు చెదిరిపోయాక చేతులు ఖాళీగా నిలబడ్డారు. బిడ్డ మొదటి పుట్టినరోజు లోపు లాయరు చేతిలో ఫైలు ఉండాలని పెట్టుకోండి.

మా ఊళ్ళో తెలిసిన లాయరు ఉన్నాడు, పొలం కేసులు బాగా చూస్తాడు. ఆయనకే ఇవ్వొచ్చా?

ఆయన్ని అడగండి, కానీ కేసు ఇవ్వడానికి అడగొద్దు, ఎవరి దగ్గరికి వెళ్ళాలో అడగండి. మంచి సివిల్ లాయర్లు ఇలాంటి కేసు తమది కాదని చెప్పి పేరు చెప్పి పంపుతారు. పార్టోగ్రామ్ చదవడం రాని లాయరు డాక్టర్ని క్రాస్ (ఎదురు ప్రశ్నలు) చెయ్యలేడు. ఎంత పెద్ద పేరున్నా సరే.

వెతికే పద్ధతి చెప్తాను. నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ జిల్లా వినియోగదారుల కమిషన్ నడిచే రోజు వెళ్ళి వెనక బెంచీలో కూర్చోండి. ఎవరూ వెళ్ళిపొమ్మనరు. ఏ లాయరు ఫైలు చదువుకుని వచ్చాడు, ఏ లాయరు "వాయిదా కావాలి సార్" అని వెళ్ళిపోతున్నాడు, కళ్ళకి కనిపిస్తుంది. ఆసుపత్రుల మీద వేసిన పాత కేసుల తీర్పులు కమిషన్ వెబ్‌సైటులో ఉంటాయి, తీర్పు మొదటి పేజీలోనే రెండు వైపుల లాయర్ల పేర్లు ఉంటాయి. రోగి వైపు ఎవరు వాదించారో రాసుకోండి. తర్వాత కాన్పు కేసు కాకపోయినా సరే, వైద్య నిర్లక్ష్యం కేసు నడిపిన కుటుంబం ఎవరైనా దొరికితే వాళ్ళతో ఒక గంట మాట్లాడండి, గెలిచారా ఓడారా అన్నదానికంటే ఫోన్ ఎత్తేవాడా, కాగితాలు చూపించేవాడా అన్నది అడగండి.

మన ఊళ్ళలో ఇంకో చిక్కుంది. నెల్లూరులో ఆసుపత్రులుండే పొగతోటలో ఒక ఆసుపత్రికి, కోర్టులో ఒక లాయరుకి మధ్య చుట్టరికమో స్నేహమో ఉండటం మామూలే. పైగా డాక్టర్లకి ఇన్సూరెన్స్ పాలసీలు ఉంటాయి, ఆ కంపెనీల తరఫున వాదించే లాయర్లు కూడా ఇక్కడివాళ్ళే. కాబట్టి మొహమాటపడకుండా మొదటిసారి కూర్చున్నప్పుడే అడగండి: "సార్, ఈ ఆసుపత్రికి గానీ, ఈ డాక్టరు గారికి గానీ, వాళ్ళ ఇన్సూరెన్స్ కంపెనీకి గానీ మీరు ఎప్పుడైనా పనిచేశారా?" నిజాయితీ ఉన్న లాయరు దీనికి కోపం తెచ్చుకోడు.

ఇంకా ఏం అడగాలంటే, వైద్య నిర్లక్ష్యం కేసులు ఎన్ని నడిపారు, తీర్పు కాపీ చూపిస్తారా, డాక్టర్ ఒపీనియన్ ఎక్కడ నుంచి తెస్తారు, వాయిదాలకి మీరే వస్తారా జూనియర్‌ని పంపుతారా, విజయవాడలో రాష్ట్ర కమిషన్ దాకా వెళ్ళాల్సి వస్తే మీరే చూస్తారా.

మంచి లాయరు ఎలా చూస్తాడో నేను నెల్లూరులో ఒకసారి దగ్గర్నుంచి చూశాను. కోవూరు వైపు నుంచి వచ్చిన ఒక తల్లి, భర్త, కవర్లో కేసు షీటు. ఆయన కాఫీ కూడా పక్కన పెట్టేసి నర్సుల చార్టు తీసి బల్ల మీద పరిచాడు. రాత్రి రెండు నుంచి ఆరు దాకా అరగంటకోసారి బిడ్డ గుండె శబ్దం 140, 140, 140, అన్నీ ఒకే చేతి రాత, ఒకే పెన్ను, ఒక్క అంకె కూడా అటూ ఇటూ లేదు. ఆ వెంటనే ఆరూ పదికి "గుండె శబ్దం పడిపోయింది, అత్యవసరంగా సిజేరియన్" అని వేరే చేతి రాత. ఆయన ఆ అమ్మాయిని ఒక్కటే అడిగాడు: "అమ్మా, రాత్రంతా నీ పొట్ట మీద మిషను ఎన్నిసార్లు పెట్టారు?" "పడుకోబెట్టినప్పుడు ఒక్కసారే సార్." పార్టోగ్రామ్ పేజీ తిప్పాడు. ఖాళీ. అప్పుడు గానీ ఆయన పెన్ను తియ్యలేదు. అదే సాయంత్రం ఇంకో తండ్రి వస్తే ఎమ్మారై రిపోర్టు చదివి, మెదడు తయారీలోనే లోపం ఉందని అందులో రాశారని మెల్లగా వివరించి, "ఇందులో కేసు లేదు నాయనా, నీ డబ్బు బిడ్డకి పెట్టుకో" అని పంపేశాడు, ఫీజు తీసుకోలేదు. ఆ రెండో మాట చెప్పగలిగినవాడి మొదటి మాట నమ్మొచ్చు.

ఫేస్‌బుక్‌లో "గెలిచాకే ఫీజు" అని ఒకరు పెట్టారు. నమ్మొచ్చా?

వద్దు. మన దేశంలో లాయర్లు ప్రకటనలు ఇచ్చుకోకూడదు, వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోకూడదు, ఫలితాన్ని బట్టి ఫీజు పెట్టుకోకూడదు. ఇవి బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాలు. అమెరికా వీడియోలు చూసి ఇక్కడా అలాగే ఉంటుందనుకుంటారు. "వచ్చిన దాంట్లో ముప్పై శాతం" అనేవాడు మొదటి రోజే నియమం తప్పుతున్నాడు, రేపు మీ దగ్గర కూడా మాట తప్పుతాడు. ఆసుపత్రి వరండాల్లో తిరిగి "మా సార్ చూసుకుంటారు" అనే మధ్యవర్తులతో అసలు మాట్లాడొద్దు.

ఖర్చు ఎంతవుతుంది?

కమిషన్ ఫీజు చూసి భయపడక్కర్లేదు. ఆసుపత్రికి మీరు కట్టిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫీజు లేనే లేదు. 5 నుంచి 10 లక్షలైతే 200 రూపాయలు. ఇక్కడ చాలామంది పొరబడేది ఏంటంటే, కొత్త చట్టంలో లెక్క మీరు అడిగే పరిహారాన్ని బట్టి కాదు, మీరు ఆసుపత్రికి కట్టిన బిల్లుని బట్టి. బిల్లు 50 లక్షల దాకా ఉంటే జిల్లా కమిషనే. అంటే లక్ష రూపాయల కాన్పు బిల్లు మీద కోటి రూపాయల పరిహారం కూడా ఒంగోలులోనే, నెల్లూరులోనే అడగొచ్చు. ఈ పద్ధతి చెల్లుతుందని 2025లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది.

అసలు ఖర్చు లాయరు ఫీజు, నిపుణుల ఒపీనియన్, తిరుగుళ్ళు. ఫీజు మొత్తం ఒకేసారి ఇవ్వకుండా ఫిర్యాదు వేసేటప్పుడు ఇంత, సాక్ష్యాలప్పుడు ఇంత, వాదనలప్పుడు ఇంత అని విడగొట్టి కాగితం మీద రాయించుకోండి. రసీదు అడగండి. ఒరిజినల్ కాగితాలు లాయరుకి ఇచ్చేస్తే ఏమేం ఇచ్చారో లిస్టు రాసి సంతకం పెట్టించుకోండి. వకాలత్ (మీ తరఫున వాదించమని లాయరుకి ఇచ్చే పత్రం) మీద తప్ప ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు.

డబ్బు లేదనుకునేవాళ్ళు ఇది తప్పకుండా చదవండి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆడవాళ్ళకి, పిల్లలకి, వికలాంగులకి, ఎస్సీ ఎస్టీ వాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా లాయరుని ఇస్తారు. మన కేసులో అడిగేది తల్లీ బిడ్డే కదా! జిల్లా కోర్టులో ఉండే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో తల్లి పేరు మీద దరఖాస్తు పెట్టండి, లేకపోతే 15100కి ఫోన్ చెయ్యండి. ఇచ్చిన లాయరుకి ఈ రకం కేసులు తెలియకపోతే, తెలిసినవాళ్ళని వెయ్యమని మర్యాదగా రాసి అడగండి.

ఆసుపత్రి చెన్నైలో ఉంది. అక్కడే కేసు వెయ్యాలా?

అక్కర్లేదు. మీరు ఉండే చోట వెయ్యొచ్చని 2019 చట్టం చెప్తోంది. నెల్లూరు జిల్లా వాళ్ళకి ఇది పెద్ద మేలు, ఎందుకంటే కొంచెం క్లిష్టమైన కాన్పు అంటే రైలెక్కి చెన్నై వెళ్ళడం మనకి అలవాటు. హైదరాబాద్ పెద్ద లాయరే కావాలని పట్టుబట్టేవాళ్ళకి నా మాట: డ్రాఫ్టు, ఒపీనియన్ కోసం ఆయన సలహా తీసుకోండి, వాయిదాలకి మాత్రం ఇక్కడ రోజూ కనిపించే మనిషి కావాలి. వాయిదాకి లాయరు రాకపోతే కేసు కొట్టేసే ప్రమాదం ఉంది.

మాది ప్రభుత్వ ఆసుపత్రి కాన్పు. కేసు ఉండదు అంటున్నారు.

1995లో శాంత కేసు అని ఒక పెద్ద తీర్పు వచ్చింది, డాక్టర్లు వినియోగదారుల చట్టం కిందకి వస్తారని చెప్పింది అదే. అందరికీ పూర్తి ఉచితంగా చూసే ఆసుపత్రిని మాత్రం బయట పెట్టింది. కొందరి దగ్గర డబ్బు తీసుకుని కొందరికి ఉచితంగా చూస్తే, ఉచితంగా చూపించుకున్నవాళ్ళు కూడా కేసు వెయ్యొచ్చు. బిల్లు ఇన్సూరెన్స్ కంపెనీ కట్టినా మీరు వినియోగదారులే. పూర్తి ఉచిత ఆసుపత్రి అయితే సివిల్ కోర్టు, హైకోర్టులో రిట్ (ప్రభుత్వం మీద నేరుగా వేసే పిటిషన్) దారులు ఉన్నాయి. అంటే ఏ ఫోరానికి వెళ్ళాలన్నది మారుతుంది గానీ దారి మూసుకుపోదు.

మద్రాసు ఎగ్మూరు ప్రభుత్వ ఆసుపత్రిలో 1996లో 29 వారాలకే పుట్టిన ఒక పాప ఉంది. నెల తక్కువ పిల్లలకి చెయ్యాల్సిన కంటి పరీక్ష చెయ్యలేదు, చూపు పోయింది. తండ్రి పోరాడితే జాతీయ కమిషన్ 5 లక్షలు ఇచ్చింది. ఆయన ఆగలేదు. 2015లో సుప్రీంకోర్టు దాదాపు కోటీ 80 లక్షలు ఇప్పించింది, రాబోయే ఏళ్ళ ఖర్చులో ధరల పెరుగుదలని కూడా లెక్కగట్టి. కృష్ణకుమార్ వర్సెస్ తమిళనాడు అని అడిగితే ఏ లాయరుకైనా తెలియాలి. తెలియకపోతే లేచి వచ్చేయండి.

డాక్టరు మీద ఇంకో డాక్టరు రాసిస్తాడా?

ఇక్కడివాళ్ళు రాయరు, రోజూ ఒకరి మొహం ఒకరు చూసుకోవాలి కదా. వేరే ఊళ్ళో, రిటైరైన ప్రొఫెసర్లలో దొరుకుతారు. కాన్పు డాక్టరు ఒపీనియన్ ఒకటి, పిల్లల నరాల డాక్టరు ఒపీనియన్ ఒకటి, రెండూ కావాలి. ఎందుకంటే తప్పు జరిగిందని ఒకరు చెప్పాలి, ఆ తప్పు వల్లే ఈ బిడ్డకి ఇలా అయిందని ఇంకొకరు చెప్పాలి. రెండోది తేలకపోవడం వల్లే చాలా కేసులు పోతున్నాయి. కమిషనే మెడికల్ కాలేజీ బోర్డుకి పంపొచ్చు, అలా పంపితే వేరే జిల్లా బోర్డుకి పంపమని మీ లాయరు అడగాలి.

తప్పు కళ్ళకి కట్టినట్టు ఉన్నప్పుడు ప్రతి కేసులోనూ నిపుణుడు ఉండి తీరాలనేమీ లేదని 2010లో కిషన్‌రావు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది మన తెలుగువాళ్ళ కేసే. అయినా కాన్పు కేసుల్లో దాని మీదే ఆధారపడొద్దు.

పోలీసు కేసు పెట్టొచ్చా?

పెట్టొచ్చు, కానీ క్రిమినల్ కేసుకి మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం ఉండాలి, దానికి కూడా పోలీసులు ముందు వేరే డాక్టర్ల అభిప్రాయం తీసుకోవాలి. బిడ్డ వైద్యానికి డబ్బు కావాలనుకునేవాళ్ళకి కమిషనే సరైన దారి. డాక్టరు లైసెన్సు మీద చర్య కావాలంటే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కి వేరుగా రాయాలి, అక్కడ పరిహారం రాదు.

ఆసుపత్రి ముందు ధర్నా, అద్దాలు పగలగొట్టడం మాత్రం చెయ్యొద్దు. కడుపుమంట నాకు తెలుసు. కానీ ఆసుపత్రులపై దాడుల గురించి 2008లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది, మేనమామ మీద కేసు పడితే ఇక మీ ఫైలు పక్కకి పోయి రాజీ మాటలు మొదలవుతాయి.

పెద్దమనుషులు కూర్చోబెట్టి కొంత ఇప్పిస్తామంటున్నారు. తీసుకోవాలా?

మొదటి నెలల్లో తీసుకోవద్దు. బిడ్డ నడుస్తుందా, మాట్లాడుతుందా, జీవితాంతం మనిషి తోడు కావాలా అన్నది అప్పటికి ఎవరికీ తెలియదు. తెలియని నష్టానికి రేటు కడితే తక్కువే కడతారు. స్టాంపు పేపరు మీద "ఇక ఎలాంటి క్లెయిమూ లేదు" అని రాయించుకుంటారు, దాన్ని లాయరుకి చూపించకుండా వేలిముద్ర కూడా వెయ్యొద్దు. చావుకి, తీవ్రమైన గాయానికి దారితీసిన వైద్య నిర్లక్ష్యం కేసుల్ని కమిషన్ మధ్యవర్తిత్వానికి పంపకూడదని 2020 నిబంధనల్లోనే ఉంది. చట్టమే అంత బరువుగా చూసినదాన్ని మనం అరుగు మీద తేల్చేసుకోకూడదు.

ఎన్నేళ్ళు పడుతుంది, ఎంత వస్తుంది?

చట్టంలో నెలల్లో తేల్చాలని ఉంది, వాస్తవంలో ఏళ్ళు పడుతుంది. జిల్లాలో గెలిచినా ఆసుపత్రి 45 రోజుల్లో రాష్ట్ర కమిషన్‌కి అప్పీలు వెయ్యొచ్చు, అలా వెయ్యాలంటే ఇవ్వమన్న మొత్తంలో సగం ముందు కట్టాలి. ఎంత వస్తుందన్నది మీరు చూపించే లెక్క మీద ఉంటుంది. థెరపీ రసీదులు, ఆటో ఖర్చు, బిడ్డ కోసం తల్లి మానేసిన ఉద్యోగం జీతం చీటీ, వీల్‌చైర్, డైపర్లు, రేపటి మనిషి జీతం. బిడ్డ ఒక్కడే కాదు, తల్లిదండ్రులు కూడా పరిహారం అడగొచ్చు. 1998లో స్ప్రింగ్ మెడోస్ కేసులో సుప్రీంకోర్టు బిడ్డకి వేరుగా, తల్లిదండ్రుల మనోవేదనకి వేరుగా ఇచ్చింది.

లాయరే సరిగా చూడకపోతే?

ఫైలు మీది, కేసు మీది. నో అబ్జెక్షన్ రాయించుకుని లాయరుని మార్చుకోవచ్చు. లాయరు మీద వినియోగదారుల కేసు మాత్రం కుదరదు, వాళ్ళు ఆ చట్టం కిందకి రారని 2024 మేలో సుప్రీంకోర్టు చెప్పేసింది. తప్పుడు ప్రవర్తన ఉంటే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కి ఫిర్యాదు ఇవ్వాలి. అందుకే ఎంచుకునేటప్పుడే అంత జాగ్రత్త అంటున్నా. వాయిదా తేదీలు మీరే ఆన్‌లైన్‌లో చూసుకోండి, లాయరు ఫోన్ కోసం ఎదురుచూడొద్దు.

ఇంట్లో వాళ్ళు "దాని కర్మ, అది కడుపుతో ఉన్నప్పుడు సరిగా తినలేదు" అంటున్నారు. నాకే ధైర్యం చాలడం లేదు.

ఈ మాట అనని ఇల్లు నేను చూడలేదు. అమ్మా, నువ్వు పని చేసినందుకో, మామిడికాయ తిన్నందుకో బిడ్డ మెడ నిలవకుండా పోదు. కేసు షీటు తీసుకుని ఒక నిపుణుడికి చూపిస్తే, తప్పు ఎవరిదీ కాదని తేలినా సరే, నీ మీద పడిన మాట పోతుంది. ఆ ఒక్కదానికోసమైనా చదివించుకో. అన్నదమ్ములు ఎవరైనా ఉంటే తోడు తీసుకెళ్ళు, ఒక్కదానివే వెళ్ళొద్దు.

కేసు తేలేదాకా బిడ్డకి ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది. మీ గ్రామ, వార్డు సచివాలయంలో సదరం (వైకల్యం ఎంతో డాక్టర్లు పరీక్షించి తేల్చే శిబిరం) స్లాటు బుక్ చేయించి వైకల్యం సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. 40 శాతం, అంతకన్నా ఎక్కువ అని వస్తే పింఛనుకి దరఖాస్తు పెట్టొచ్చు, 2024లో దాన్ని నెలకి 6,000 చేశారు. సెరిబ్రల్ పాల్సీ ఉన్నవాళ్ళకి నేషనల్ ట్రస్టు వాళ్ళ నిరామయ ఇన్సూరెన్స్ ఉంది, ఏడాదికి లక్ష రూపాయల దాకా, థెరపీ ఖర్చు కూడా అందులో వస్తుంది. ఈ సర్టిఫికెట్ కమిషన్‌లో సాక్ష్యంగా కూడా పనికొస్తుంది, కాబట్టి ఒరిజినల్ ఇంట్లో పెట్టుకుని లాయరుకి జిరాక్సు ఇవ్వండి.